కాసులపేరు వన్నెను టంకం మీద కొలిచి ధర కట్టిన విషయమై ఫిర్యాదు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారములు.

విషయం: మీ విజయవాడ శాఖలో పాత బంగారు ఆభరణానికి ఎక్స్‌రే యంత్రంపై జరిపిన పరీక్ష, దాని వల్ల నాకు తగ్గించి కట్టిన 2.668 గ్రాముల మేలిమి బంగారం గురించి.

2024 సెప్టెంబరు 3న నేనూ నా భార్యా మీ విజయవాడ శాఖకు వచ్చి, మా అమ్మగారి కాసులపేరును ఇచ్చి, మా మనవరాలి ఓణీల వేడుకకు ఒక హారం తీసుకున్నాము. ఆ పేరులో మొత్తం 40 కాసులుండేవి. రెండింటిని అమ్మ గుర్తుగా నా భార్య ముందే తీయించి దాచుకున్నది కనుక, మీకు ఇచ్చినవి 38 కాసులు, కొలికీలతో కలిపి 58.000 గ్రాములు. మీ ఎక్స్‌రే యంత్రం, అంటే కారట్ మీటరు, దాని వన్నె (మేలిమి బంగారపు వాటా) 85.6 శాతమని చూపింది, మీ ఉద్యోగి ఆ ఒక్క అంకె మీదే ధర కట్టారు. వేడుక నాలుగు రోజుల్లో ఉన్నది, మా వెనుక మరో ఐదారుగురు నిలబడి ఉన్నారు, నేను సంతకం చేశాను. సంతకం చేసినది నేనేనన్న సంగతిని దాచడం లేదు. పాత బంగారంపై మీరు తీసిన రెండు శాతం తరుగు గురించి గానీ, కొత్త హారం మజూరి గురించి గానీ నాకు ఫిర్యాదు లేదు. అవి ముందే చెప్పి తీసుకున్నవి. నా ఫిర్యాదంతా ఆ 85.6 అనే అంకె గురించే.

నేను ముప్పై నాలుగేళ్ళు సిమెంటు కర్మాగారంలో నాణ్యతా విభాగపు కెమిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మీ కౌంటరు మీద ఉన్న పెట్టె ఏ సూత్రం మీద పనిచేస్తుందో, అదే సూత్రం మీద పనిచేసే పెద్ద యంత్రాల ముందే నా ఉద్యోగం గడిచింది. గంటగంటకూ వచ్చే రా మీల్‌ను (కొలిమిలోకి వెళ్ళే ముడి పొడిని), క్లింకర్‌ను (కొలిమిలో కాలి వచ్చిన గడ్డలను) మెత్తగా నూరి, బిళ్ళగా నొక్కి, ఎక్స్‌రేల కింద పెట్టి కాల్షియం, సిలికాన్, అల్యూమినియం, ఇనుము ఎంతెంత ఉన్నాయో చదవడం మా పని. అందువల్ల మీ ఉద్యోగి "అంకుల్, మిషన్ అబద్ధం చెప్పదు" అన్నప్పుడు ఆ మాటతో నాకు విభేదం లేకపోయింది. మిషన్ అబద్ధం చెప్పలేదు. తన ముందు పెట్టిన మిల్లీమీటరు మేర చోటు గురించి నిజమే చెప్పింది. అయితే ఆ చోటు నా కాసు కాదు, కాసుకూ కొలికీకీ మధ్య ఉన్న అతుకు.

ఈ మాట ఊహించి రాయడం లేదు. పరీక్ష జరిగినప్పుడు యంత్రపు కెమెరా చిత్రం కౌంటరు మీది తెర మీద కనబడుతూనే ఉన్నది. పేరును మడిచి కుప్పగా లోపల పెట్టారు. తెర మీది ఆకుపచ్చ గుర్తు ఒక కాసు నెత్తిన, కొలికీ అతికిన చోట, చుట్టూ ఉన్న పసుపు కంటే కాస్త పాలిపోయి కనిపించే గరుకు మచ్చ మీద నిలిచింది. ఇరవై సెకన్లలో అంకె వచ్చింది. కాసు మధ్యలో మరొకసారి, వేరే కాసు మీద ఇంకొకసారి చూడమని అడిగితే, "సిస్టమ్ ఒక్కసారే తీసుకుంటుందండీ" అన్నారు. అటువంటి యంత్రమేదీ నేను ఎరగను.

మీరిచ్చిన చీటీయే నా మాటకు సాక్ష్యం చెబుతున్నది. అందులో బంగారం 85.6, రాగి 8.9, వెండి 4.1, జింకు 1.4 అని ఉన్నది. ఆభరణపు బంగారంలో ఆ రోజుల్లో కంసాలులు కలిపేవి రాగి, వెండి. జింకుకు కాసులో పని లేదు. అది వచ్చేది టంకంలో నుంచి. అతుకు పెట్టే లోహం కాసు కంటే ముందే కరగాలి కనుక, బంగారానికి వెండి, రాగితో పాటు కొంచెం ఇత్తడి కూడా కలిపి టంకం చేసి, వెలిగారం పట్టించి ఊది అతికేవారు. ఇత్తడి అంటే రాగి, జింకు. మీ చీటీలో జింకు కనబడిందంటే ఎక్స్‌రే పడినది టంకం మీదనే, లేదా టంకాన్ని కలుపుకొన్న చోటనే. ఈ చీటీని చదవవలసిన వారు మొదటి వరుసను మాత్రమే చదివి ధర కట్టారు.

మీ శాఖలో "స్కాన్ చేస్తే నగ లోపలిదంతా తెలిసిపోతుంది" అన్న మాట కూడా విన్నాను. ఆస్పత్రిలో ఎముక విరిగితే తీసే ఎక్స్‌రే వంటిదనుకొని అన్న మాట అది. ఇక్కడ జరిగేది వేరు. గొట్టం నుంచి వచ్చిన ఎక్స్‌రే లోహపు పరమాణువులోని లోపలి ఎలక్ట్రానును తన్ని బయటికి పంపుతుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్యలోని ఎలక్ట్రాను దిగినప్పుడు, ఆ మూలకానికే చెందిన శక్తితో మరొక ఎక్స్‌రే బయటికి వస్తుంది. రాగి నుంచి వచ్చేది సుమారు 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, జింకుది 8.64, బంగారానిది 9.71, వెండిది 22.16. ఒక్కొక్క మూలకానికి ఇలా ఒక్కొక్క సంతకం ఉంటుందని 1913లో హెన్రీ మోస్లీ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త క్రమబద్ధంగా చూపించారు. బంగారం ఎంతో బరువైన లోహం కనుక, లోపల పుట్టిన 9.71 కిరణం బయటికి రాకముందే బంగారమే దానిని మింగేస్తుంది. డిటెక్టరుకు చేరేది పైనున్న కొద్ది మైక్రాన్ల పొర నుంచి వచ్చినది, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు లోతు నుంచి వచ్చినది మాత్రమే. దాని కింద ఏమున్నదో మీ యంత్రానికి తెలియదు. మంచి గిల్టు పూత మందంగా వేసిన రాగి గాజును పెడితే అది మేలిమి బంగారమని చెప్పినా ఆశ్చర్యం లేదు. నగను మెరుగు పెట్టేటప్పుడు పులుసులో వేసి ఉడికిస్తే పైపొరలోని రాగి కరిగిపోయి, ఉన్నదాని కంటే ఎక్కువ వన్నె కూడా చూపవచ్చు. ఈ పద్ధతి ఈ రోజు నన్ను ముంచింది గానీ, రేపు మరొకరి చేతిలో మీ సంస్థనే ముంచగలదు.

మరొక సంగతి. యంత్రం తాను గుర్తించిన లోహాల వాటాలను కలిపి వందకు సరిచేసి చూపుతుంది. అందువల్ల మొత్తం సరిగ్గా వంద కావడం లెక్క సరైనదనడానికి రుజువు కాదు. మా ప్రయోగశాలలో నేను చేరిన కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో రా మీల్ సిలికా ఉన్నట్టుండి పడిపోయినట్లు చూపితే, తెల్లవారేదాకా పాళ్ళు మారుస్తూ కూర్చున్నాము. చివరకు తేలినదేమిటంటే, నూరే గిన్నె అరిగిపోయి ఇసుక రేణువులు ముతకగా మిగిలాయి, యంత్రం ఆ ముతక ఉపరితలాన్ని ఉన్నదున్నట్లు చదివింది. అప్పటి నుంచి మాకు ఒక అలవాటు పడింది. షిఫ్టు మొదట్లో ముందే విలువ తెలిసిన బిళ్ళను పెట్టి, అది చెప్పవలసిన అంకెనే చెబుతున్నదా అని చూసుకోకుండా ఏ మచ్చునూ లోపల పెట్టేవాళ్ళం కాదు. మీ శాఖలో ఆ రోజు ప్రామాణిక బంగారు మచ్చుతో యంత్రాన్ని ఎప్పుడు సరిచూశారని అడిగాను. అటువంటి పుస్తకం ఏదీ చూపించలేకపోయారు.

వేడుక అయిన తరువాత, ఇంట్లో ఉన్న రెండు కాసులను భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకువెళ్ళాను. అక్కడ ముందుగా కాసులను కడిగి, తుడిచి, మీ వద్ద ఉన్నటువంటి యంత్రం మీదే కాసు ముఖభాగాన మూడు చోట్ల చూశారు. సగటున బంగారం 91.5, రాగి 5.3, వెండి 3.2. జింకు లేదు. ఆ తరువాత నా లిఖితపూర్వక అనుమతితో పుటం పరీక్ష చేశారు. అద్దం అవతలి నుంచి దానిని చూడనిచ్చారు. గీరిన మచ్చును తూచి, కొంత వెండి చేర్చి, సీసపు రేకులో పొట్లం కట్టి, చిన్న మూసలో పెట్టి కొలిమిలోకి పంపారు. సీసం తనతో పాటు రాగిని తీసుకొని మూసలోకి ఇంకిపోగా, బంగారమూ వెండీ కలిసిన చిన్న పూస మిగిలింది. దానిని సాగగొట్టి, చుట్ట చుట్టి, నత్రికామ్లంలో కాస్తే వెండి కరిగిపోయి, మట్టి రంగు చుట్ట ఒకటి మిగిలింది. అది బంగారమంటే చూసినవారెవరూ నమ్మరు. మళ్ళీ ఎర్రగా కాల్చగానే పసుపు తిరిగి వచ్చింది. దానిని తూచి వేసిన లెక్క ప్రకారం, కొలికీ తీసివేసిన కాసు వన్నె 91.4.

ఇక్కడే ఆగి 91.4 కు డబ్బు అడగడం నాకు సులువు. కానీ అది న్యాయం కాదు. మీకు ఇచ్చిన పేరులో కొలికీలూ టంకమూ కూడా ఉన్నాయి, వాటి వన్నె తక్కువే. అందుకే రెండవ కాసును కొలికీతో, టంకంతో సహా మొత్తంగా కరిగించి, ఆ ముద్ద నుంచి మచ్చు తీయించాను. దాని వన్నె 90.2 వచ్చింది. 38 కాసులూ అదే పేరులోనివి, ఒకే చేతి పని. కనుక నా లెక్క 90.2 మీదనే. 58.000 గ్రాములకు 85.6 వంతున మీరు కట్టిన మేలిమి 49.648 గ్రాములు, 90.2 వంతున రావలసినది 52.316 గ్రాములు. తేడా 2.668 గ్రాములు.

మీ ఉద్యోగి మాటల్లో మరొకటి ఇంకా బాధిస్తున్నది. "పాతకాలపు నగలండీ, అప్పట్లో పధ్నాలుగు కారెట్లే చేసేవాళ్ళు, ఆచార్లు ఇష్టమొచ్చినట్టు కలిపేవాళ్ళు" అని నా భార్య ముందు, నలుగురి ముందు అన్నారు. పధ్నాలుగు కారెట్లకు మించి నగలు చేయరాదన్న నిబంధన 1963 జనవరిలో బంగారు నియంత్రణతో వచ్చినది. ఆ దెబ్బకు కుంపటి ఆరిపోయి వేరే పనులకు పోయిన స్వర్ణకారుల కుటుంబాలు మా ఊళ్ళోనే ఉన్నాయి. మా అమ్మగారి కాసులపేరు 1958లో చేయించినది. పైగా పధ్నాలుగు కారెట్లంటే వందకు 58 పైచిలుకు. మీ చీటీలోని 85.6 కూ ఆ మాటకూ కూడా పొంతన లేదు. గీటురాయి మీద గీచి, కంటితో చూసి ఆ ఆచారి గారు ఇరవై రెండు కారెట్లని మా తాతగారికి చెప్పిన బంగారం, అరవై ఆరేళ్ళ తరువాత పుటంలో 91.4 తేలింది. ఇరవై రెండు కారెట్లంటే 91.67. ఆయన తప్పు పావు శాతం. మీ తప్పు నాలుగున్నర శాతానికి పైమాటే.

కాబట్టి ఈ కింది వాటిని కోరుతున్నాను. 2.668 గ్రాముల మేలిమి బంగారానికి సెప్టెంబరు 3 నాటి మీ బోర్డు రేటు ప్రకారం, మీ రెండు శాతం తరుగును మినహాయించుకొనే, సొమ్ము చెల్లించండి. మీరు ఆ 38 కాసులను ఈపాటికి కరిగించి ఉంటారు. విడిగా కరిగించి ఉంటే ఆ ముద్దకు వచ్చిన వన్నె మీ పుస్తకంలో ఉంటుంది. దాని నకలును నాకు పంపండి. అది 90.2 కంటే తక్కువగా ఉంటే, ఆ మేరకు నా కోరికను నేనే తగ్గించుకుంటాను. ఇతర నగలతో కలిపి కరిగించి ఉంటే ఆ సంగతైనా రాతపూర్వకంగా తెలియజేయండి.

మీ యంత్రంలో ఉన్నది ఏ రకపు డిటెక్టరో కూడా తెలియజేయగలరు. చవక యంత్రాల్లో ఉండే వాయువు నింపిన గొట్టపు డిటెక్టరు అయితే, 22.16 దగ్గరి వెండినీ 23.17 దగ్గరి కాడ్మియాన్నీ విడదీసి చూపలేదు. కాడ్మియం టంకం వాడిన కేడీఎం నగలను కూడా మీరు అదే యంత్రం మీద కొంటున్నారు. సిలికాన్ డిటెక్టరు అయితే నాకు ఈ ప్రశ్న అవసరం లేదు.

ఇకమీదట మీ శాఖల్లో పాత నగను కడిగి, అతుకులకు దూరంగా కనీసం మూడు చోట్ల చూసి, ఏ చోట చూశారో ఆ చిత్రంతో సహా చీటీ ఇవ్వాలని, ఖాతాదారు ఒప్పుకోనప్పుడు కరిగించి గానీ పుటం పెట్టించి గానీ తేల్చాలని మీ ఉద్యోగులకు రాతపూర్వకంగా ఆదేశించమని కోరుతున్నాను. దీనికి కొత్త యంత్రం కొననక్కరలేదు. ఉన్న యంత్రంలోనే నగను కొంచెం జరిపి మళ్ళీ మీట నొక్కితే చాలు.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో జవాబు రాని పక్షంలో, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళక తప్పదు. మీ బిల్లు, పాత బంగారపు చీటీ, హాల్‌మార్కింగ్ కేంద్రం ఇచ్చిన రెండు నివేదికల నకళ్ళను దీనితో జతపరుస్తున్నాను. కరిగించిన రెండవ కాసులో మచ్చు తీయగా మిగిలిన ముద్ద ఆ కేంద్రం వేసిన సీలుతోనే నా దగ్గర ఉన్నది. మీరు కోరిన మరే గుర్తింపు పొందిన కేంద్రంలోనైనా, మీ ప్రతినిధి సమక్షంలో, నా ఖర్చుతో దానిని మళ్ళీ పరీక్ష చేయించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ ఖాతాదారు, విశ్రాంత సిమెంటు కర్మాగార కెమిస్టు
విజయవాడ, 14 అక్టోబరు 2024