వార్షిక నివేదిక: "అంతా మేలుకే" అనడం మానుకున్న ఏడాది

సభాధ్యక్షులకు, పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, సహవాస సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నాను. మన సహవాసం ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ కూర్చున్నవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. రానివాళ్లకు చెప్పినా వినపడదు.

ఈ ఏడాది గురువారం బైబిల్ స్టడీలన్నీ ఒకే అంశం మీద నడిచాయి: కష్టంలో, అన్యాయంలో దేవుని ఉద్దేశం. ఈ అంశం కమిటీ ఎంచుకున్నది కాదు. నిరుడు ఆఖరి కూడికలో ఒక సిస్టర్ లేచి, చేయని తప్పుకు తనను ఉద్యోగంలోంచి తీసేశారని చెప్పారు. మనవాళ్లు నలుగురు పరామర్శకు వచ్చి "అంతా మేలుకే అమ్మా" అనేసి వెళ్లారని, ఉద్యోగం పోయినప్పుడు రాని ఏడుపు ఆ మాటకు వచ్చిందని కూడా చెప్పారు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

మొదటి కొన్ని వారాలు యోసేపుకే సరిపోయాయి. అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మేశాక ఐగుప్తు చేరినవాడు, అబద్ధపు నిందతో చెరసాల పాలైనవాడు. కథ మొదలయ్యేసరికి 17 ఏళ్లు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30. చెరలో తనతో ఉండి విడుదలైన పానదాయకుల అధిపతి, అంటే ఫరోకు పానీయం అందించేవాడు, మరిచిపోవడం వల్లనే రెండేళ్లు పోయాయి. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అని యోసేపు అన్నలతో అన్నది తండ్రి చనిపోయాక. లెక్క వేసి చూశాం, మొదటి నుంచి అప్పటికి సుమారు 39 ఏళ్లు. ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఆ రోజు అందరినీ ఆపేసింది: "ఆ మాట యోసేపు అన్నాడు సరే, అదే మాట అన్నలు అని ఉంటే?" జవాబు ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. పైగా యోసేపు కీడును కీడనే అన్నాడు. చెరలో ఉన్నప్పుడు కూడా ఊరుకోలేదు, నేనేమీ చేయలేదు, ఫరోతో చెప్పి నన్ను బయటికి రప్పించు అని ఆ పానదాయకుణ్ణి అడిగాడు.

రోమా పత్రిక 8:28 మనలో చాలామందికి కంఠతా వచ్చు. దాని ముందు వచనాలు ఎంతమందికి వచ్చో పాస్టరు గారు అడిగితే తలలు దించుకున్నాం. 22లో సృష్టి మూలుగుతుంది, 23లో మనం మూలుగుతాం, 26లో పరిశుద్ధాత్మ మూలుగుతాడు. ఆ మూడు మూలుగులూ దాటాకే 28. అక్కడ కూడా జరిగిన ప్రతిదీ మంచిదే అని లేదు, సమస్తం సమకూడి మేలుకు జరుగుతుందని ఉంది. 'సమకూడి' అన్న మాటను ఇన్నేళ్లూ మింగేసి చదివామన్నమాట.

మరి దేవుని చిత్తమని ఒప్పుకుంటే ఉద్యోగం విషయంలో తాను వేసిన కేసు వెనక్కి తీసుకోవాలా అని ఆ సిస్టర్ అడిగారు. దీని మీద రెండు వారాలు గట్టిగానే వాదించుకున్నాం. ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా అపొస్తలుడైన పౌలును, అతని తోటి సేవకుడు సీలను కొట్టించి, మర్నాడు గుట్టుగా పంపేయబోతే పౌలు కదలలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించారు, ఆ న్యాయాధిపతులే వచ్చి తీసుకుపోవాలన్నాడు. వచ్చారు కూడా. తర్వాత రోమా అధిపతి ఫెస్తు ఎదుట, రోములోని చక్రవర్తి కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. రోములో సాక్ష్యమివ్వాలని ప్రభువు అంతకు ముందే చెప్పి ఉన్నాడు, ఆ రోముకు దారి తీసింది ఈ అప్పీలే. సిస్టర్ గారి కేసు నడుస్తోంది. వాయిదా రోజున పక్కన కూర్చోవడానికి ఇద్దరు ముగ్గురు వెళ్తున్నాం.

ఇక, ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది యోబు గ్రంథ పఠనం. 42 అధ్యాయాలు ఒకే విడతలో, ప్రసంగం లేకుండా, వ్యాఖ్యానం లేకుండా. అధ్యాయానికి ఒకరు చొప్పున పేర్లిచ్చారు, వచ్చింది 19 మంది. మిగతావి వచ్చినవాళ్లే పంచుకున్నాం. కళ్లు సరిగా కనపడని ఒక పెద్దమ్మ గారు మూడో అధ్యాయం చూడకుండా చెప్పారు, యోబు తాను పుట్టిన దినాన్ని శపించే అధ్యాయం. హాల్లో చప్పుడు లేదు. యోబును పరామర్శించడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా నేల మీద కూర్చున్నారే, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఆఖర్న దేవుడు కోపగించింది ఆయన్ని ప్రశ్నించిన యోబు మీద కాదు, ఆయన తరఫున వాదించిన వీళ్ల మీద. పరలోకంలో యోబు గురించి దేవునికి, సాతానుకు మధ్య ఏం జరిగిందో చదివే మనకు తెలుసు, యోబుకు మాత్రం చివరిదాకా ఎవరూ చెప్పలేదు. ముగింపు పాట వద్దనుకున్నాం. కొందరికి నచ్చలేదు, ఫోన్లు చేశారు. 88వ కీర్తన కూడా చీకటితోనే ముగుస్తుందని వాళ్లకు మనవి.

ఆ రోజు కుర్చీలు, మైకు సర్దిన యువకులకు, నీళ్లందించిన మహిళా సమాజం అక్కలకు, హాలు తాళం ఇచ్చి రాత్రిదాకా కాపలా కాసిన పెద్దాయనకు, పెద్దక్షరాల్లో అధ్యాయాలు ప్రింటు తీయించిన కోశాధికారి గారికి, ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి.

చెరసాల పరామర్శ అనుకున్నంత సాగలేదు. అనుమతి కోసం ఒకే దరఖాస్తు నాలుగుసార్లు ఇచ్చాం. ఒకసారి సంతకం లేదన్నారు, ఒకసారి సంతకం చేయాల్సినవారు లేరన్నారు. ఫెస్తుకు ముందున్న అధిపతి ఫేలిక్సు పౌలును రెండేళ్లు చెరలో అలాగే ఉంచేసి వెళ్లిన సంగతి ఆ కార్యాలయం మెట్ల మీద కూర్చుని చదువుకున్నాం. అనుమతి వచ్చిన ఒక్క రోజునా పేర్లిచ్చిన పదకొండు మందిలో వచ్చింది నలుగురు. కార్యాలయాన్ని ఒక్కదాన్నే అని ఏం లాభం?

జమాఖర్చుల పట్టిక మీకు పంచాం, ఆడిట్ అయింది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

వచ్చే ఏడాది బైబిల్ స్టడీకి ప్రవక్త హబక్కూకు గ్రంథం అనుకుంటున్నాం. మూడే అధ్యాయాలు, ఇంకెన్నాళ్లు అన్న మొరతో మొదలవుతుంది. పరామర్శకు వెళ్లేవాళ్ల పట్టిక తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. నిరుడు పేర్లు రాసి రానివాళ్లు ఈసారి దయచేసి రాయకండి, రాసినవాళ్లు రండి. సిస్టర్ గారి తర్వాతి వాయిదా తేదీ కూడా అదే కాగితం కింద రాసి ఉంది.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి