పుస్తకాలు కొనేముందు మమ్మల్ని ఒక్కమాట అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక జిల్లా పేజీల్లో గ్రంథాలయాలు పాఠకులు లేక వెలవెలబోతున్నాయని వార్త రాశారు, పక్కనే ఖాళీ కుర్చీల ఫొటో వేశారు. ఆ ఫొటో మా లైబ్రరీది కాదు. కానీ కిటికీలోంచి ఎండ పడిన తీరు చూస్తే మిట్టమధ్యాహ్నం ఎవరితోనో తలుపు తీయించి తీసినట్టుంది. మా శాఖా గ్రంథాలయం పొద్దున 8 నుంచి 11 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7 దాకా తీసి ఉంటుంది. మధ్యలో ఎవరు వచ్చినా ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. వార్త రాసినవారి మీద నాకు కోపం లేదు, అందులో సగం నిజమే. మిగతా సగం చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 22 ఏళ్లుగా శాఖా గ్రంథాలయాల్లో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. ఇప్పుడున్నది కృష్ణా డెల్టాలో ఒక మండల కేంద్రం. పొద్దున నేను వెళ్లేసరికే మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు, పాలకేంద్రానికి వచ్చి అటునుంచి అటే వచ్చే రైతు ఒకాయన, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేముందు పేపరు చూసుకునే వాచ్‌మన్. మెయిన్ పేపరు ఒకరికి, జిల్లా ఎడిషన్ ఒకరికి విడదీసి ఇస్తాను. అటెండరు పోస్టు ఖాళీ అయి ఆరేళ్లయింది కాబట్టి ఊడవడం, మంచినీళ్లు పట్టడం, రిజిస్టరులో సంతకాలు పెట్టించడం అన్నీ నావే. తొమ్మిదిన్నర కల్లా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలు వచ్చేస్తారు, ఉన్న 24 కుర్చీల్లో సగానికి పైగా వాళ్లవే. వాళ్లు మా పుస్తకాలు తియ్యరు, వాళ్ల సంచుల్లో తెచ్చుకున్నవే చదువుకుంటారు. దాన్ని తప్పు పట్టేవాళ్లు ఉన్నారు, నేను పట్టను. ఒక్క గదిలో అయిదుగురు ఉండే ఇళ్లనుంచి వస్తారు, వాళ్లకు కావలసింది ఫ్యాను, లైటు, నిశ్శబ్దం. అమ్మాయిలు మాత్రం తక్కువ వస్తారు. మా భవనంలో వాడుకోదగ్గ బాత్రూమ్ లేదు, అంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

కాబట్టి జనం రావడం లేదన్న మాట సరికాదు. ఇంటికి పుస్తకం పట్టుకెళ్లేవాళ్లు తగ్గారు, అది నిజం. దానికి అందరూ సెల్‌ఫోన్‌ను తిడతారు. నాకు తెలిసినంతవరకు ఫోను కంటే పెద్ద కారణం, వాళ్లు అడిగిన పుస్తకం మా దగ్గర లేకపోవడం.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2019లో ఒక పొడుగు నోటుబుక్కు మొదలుపెట్టాను. ఎవరైనా వచ్చి పుస్తకం అడిగితే నేను ‘లేదు’ అన్న ప్రతిసారీ అందులో తేదీ వేసి, ఏం అడిగారో రాస్తాను. మినుముకు పల్లాకు తెగులు వస్తే ఏం చెయ్యాలో తెలుగులో పుస్తకం ఉందా అని ఒక కౌలురైతు. షుగరు ఉన్నవాళ్ల తిండి గురించి. బ్లౌజు కటింగు కొలతలు బొమ్మలతో సహా ఉన్నది. ఏడేళ్ల పిల్లాడు తనంతట తాను చదువుకునేలా పెద్ద అక్షరాలతో కథలు, ఇది ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. మండల ఆఫీసులో అర్జీ ఎట్లా రాయాలి. తెలంగాణ రచయితల కథలు. ఫలానా రచయిత్రి నవల రెండో భాగం, మొదటిది మన దగ్గరే ఉంది కదమ్మా అని. వీళ్లంతా చదవడం మానేసినవాళ్లా చెప్పండి. నడుచుకుంటూ లైబ్రరీకి వచ్చి, అడిగి, లేదంటే ఒట్టిచేతుల్తో వెళ్లిపోయినవాళ్లు. అట్లా రెండుసార్లు తిరిగిన మనిషి మూడోసారి రాడు.

మరి కొత్త పుస్తకాలు రావా అంటే, వస్తాయి. కట్టలు కట్టి పైనుంచి పంపుతారు. విప్పి చూస్తే పోటీ పరీక్షల గైడ్లు పాత సిలబస్‌వి ఉంటాయి, వ్యక్తిత్వ వికాసం మీద ఒకే పుస్తకం మూడేసి కాపీలు ఉంటాయి, మా ఊళ్లో ఎవరూ చదవని పెద్ద పెద్ద అట్టల పుస్తకాలు ఉంటాయి. మంచివీ ఉంటాయి, లేవని అనను. కానీ ఈ 22 ఏళ్లలో, మీ ఊళ్లో ఏం అడుగుతున్నారమ్మా అని కట్ట పంపేముందు నన్ను ఒక్కరూ అడగలేదు. నోటుబుక్కులోంచి జాబితా తీసి రెండుసార్లు పంపాను. ఒకసారి అందిందని చెప్పారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది బయటివాళ్లకు తెలియదు. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది లైబ్రేరియనే. స్టాక్ తనిఖీలో తగ్గితే ఖరీదు మా దగ్గర వసూలు చేస్తారన్న భయం ఉద్యోగంలో చేరిన రోజునుంచీ ఉంటుంది. ఆ టెన్షన్‌తో నేను కూడా మొదటి మూడు నాలుగేళ్లు బీరువాలకు తాళాలు వేసే ఉంచాను. అద్దంలోంచి చూసి, కావలసింది చెబితే తీసిచ్చేదాన్ని. అప్పట్లో ఒక పెద్దాయన, గోలీసోడా కొట్టు ఆయన, రోజూ అద్దం దగ్గర నిలబడి పుస్తకాల వీపుల మీద పేర్లు చదివి వెళ్లిపోయేవాడు. అడగవచ్చు కదా బాబాయ్ అంటే, ఏది అడగాలో తెలియడానికి ముందు తిరగేసి చూడాలి కదమ్మా అన్నాడు. నేను లైబ్రరీ సైన్స్ కోర్సు చదివాను, 1931లో మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు చెప్పిన అయిదు సూత్రాలు పరీక్షలో వరసగా రాశాను, అందులో మొదటిదే పుస్తకాలు వాడుకోవడానికి అని. ఆ మాట నాకు అర్థమైంది సోడాకొట్టు బాబాయ్ దగ్గరే. మర్నాడు తాళాలు తీశాను. తరువాత ఇన్నేళ్లలో పోయినవి 31 పుస్తకాలు, కొన్నింటికి నా డబ్బు కట్టాను. పోయినవి ఎవరి ఇంట్లోనో ఉంటాయి, చెదలు తిన్నవి మాత్రం ఎవరికీ లేకుండా పోయాయి. తాళం వేసిన బీరువాల్లోనే చెదలు ఎక్కువ పట్టింది.

చిరిగినవాటికి బైండింగు నేనే చేస్తాను. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, పాత క్యాలెండరు గుడ్డ అట్టకు వేసి కుట్టడం మా మొదటి ఊళ్లో ఒక బైండరు నేర్పించాడు. పుస్తకాలను విషయాన్ని బట్టి నంబర్లు వేసి సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అన్న నంబరు పడుతుంది. మా లైబ్రరీలో వీపు ఊడిపోయి అతుకులు పడ్డవన్నీ దాదాపు ఆ నంబరువే. జనం ఏం చదువుతారో ఇంతకంటే ఏం చెప్పాలి.

11 గంటలకు తలుపు వేశాక నేను ఇంటికి వెళ్లి వండుకుని తిని, మూడున్నర దాకా చదువుతాను. కట్టలో వచ్చిన ప్రతి పుస్తకం కనీసం 30 పేజీలు చదవకుండా అరలో పెట్టను. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, ఇంట్లో పుస్తకాలు కొనే పరిస్థితి లేదు. మా ఊరి లైబ్రరీలో అప్పట్లో మాస్కో నుంచి అచ్చయి వచ్చిన తెలుగు పిల్లల పుస్తకాలు ఉండేవి, నున్నటి కాగితం, రంగు బొమ్మలు, మంచులో తిరిగే ఎలుగుబంట్లు. అక్కడి లైబ్రేరియన్ గారు ఒకటి తిరిగి ఇవ్వగానే ‘ఇది చదివావుగా, ఇక ఇది నీకు నచ్చుతుంది’ అని ఇంకొకటి చేతిలో పెట్టేవారు. ఆయన చదివారు కాబట్టే అట్లా ఇవ్వగలిగారు. మా ఊళ్లో ఇప్పుడు మిషను కుట్టే ఒక చెల్లి ఉంది, తను రాలేక కూతురితో చీటీ పంపుతుంది. ‘అక్కా, పోయినసారిది ఏడుపు ఎక్కువ, ఈసారి కాస్త ధైర్యం ఉన్నది పంపు’ అని రాస్తుంది. ఏ క్యాటలాగులో ఉంటుందండీ ఇది, ఏ కంప్యూటరులో కొడితే వస్తుంది. నేను చదివి ఉండాలి, ఆమె ఎవరో నాకు తెలిసి ఉండాలి.

ఒకసారి 80 దాటిన ఒక అమ్మమ్మ గారు సంచిలో పాత బైండు పుస్తకం తెచ్చారు. వారపత్రికలో సీరియల్ వస్తుంటే వారం వారం ఆ పేజీలు తీసి, దారంతో కుట్టి దాచుకోవడం మన ఇళ్లల్లో ఉండేది కదా, అట్లాంటిది. చివరి రెండు వారాలు లేవు. వాళ్లది అవనిగడ్డ వైపు ఊరు, 1977 నవంబరు ఉప్పెన వచ్చింది, ఆ తరువాత పత్రికల సంగతి ఎవరికి గుర్తుంటుంది. ఇల్లు, గొడ్లు, ఇద్దరు మనుషులు పోయారని మామూలుగానే చెప్పి, ఆ కథ చివరికి ఏమైందో తెలుస్తుందా అమ్మా అని అడిగారు. నేను సెలవు పెట్టుకుని వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాను. 1918లో మొదలైన లైబ్రరీ అది, ఇప్పటి భవనానికి గాంధీగారు 1929లో శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు అక్కడ దొరికినట్టు మరోచోట దొరకవు. ఆ రెండు సంచికలూ ఉన్నాయి. అడిగి ఫొటోలు తీసుకుని, ప్రింటు తీయించి, బైండులో చివర కలిపి కుట్టి ఇచ్చాను. ఆమె మా రీడింగు రూములోనే కూర్చుని చదివారు. చదివాక చాలాసేపు మాట్లాడలేదు. ‘ఇన్నేళ్లూ నేను అనుకున్న ముగింపు వేరమ్మా’ అన్నారు. పుస్తకం లైబ్రరీకే ఇచ్చేశారు, దానికి నంబరు వేసి అరలో పెట్టాను, ఇప్పటికి పదకొండుమంది తీసుకెళ్లారు.

డబ్బు లేదు కాబట్టి కోరినవి కొనలేమంటారు, దాని గురించీ రాయాలి. మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. పన్ను వెయ్యి రూపాయలైతే 80 రూపాయలు. మీ పాఠకులు ఎవరైనా పన్ను రసీదు తీసి చూసుకోవచ్చు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిన డబ్బు అది. వసూలైనది వసూలైనట్టు జమ కాదు, బకాయిలు పడతాయి, మీ పత్రికే చాలాసార్లు రాసింది. జనం పుస్తకాల కోసం అని కట్టిన డబ్బు పుస్తకాలకు చేరకపోతే అది నాకు సొంతంగా జరిగిన అన్యాయంలాగే అనిపిస్తుంది, ఎందుకంటే ‘లేదు’ అని ఎదురుగా నిలబడి చెప్పాల్సింది నేను.

నేను కోరేది పెద్దదేం కాదు. కొనే పుస్తకాల్లో కనీసం మూడోవంతు ఆయా శాఖల లైబ్రేరియన్లు ఇచ్చిన జాబితాలోంచి కొనమనండి. మామూలుగా చదువుతూ చిరిగిపోయినవాటికీ, ఒకటీ అరా పోయినవాటికీ మా జీతంలో కోత పెట్టకుండా వెసులుబాటు ఇస్తే తాళాలు వాటంతటవే ఊడతాయి. బాత్రూమ్ కట్టించండి. డిజిటల్ లైబ్రరీ వద్దని నేను అనడం లేదు, కంప్యూటర్లు వస్తే సంతోషమే, కానీ పుస్తకాల డబ్బు అటు మళ్లించి తేవద్దు.

ఈ డెల్టాలోనే 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు, గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారి పూనికతో. ఆ కాలువ గట్టుమీదుగానే నేను రోజూ డ్యూటీకి వెళ్తాను. మనిషి ఎక్కడుంటే అక్కడికి పుస్తకం తీసుకెళ్లినవాళ్ల జిల్లాల్లో, మనిషే నడిచివచ్చి అడిగిన పుస్తకం తెప్పించలేకపోతున్నామన్నదే నా బాధ.

వార్త రాసినవారిని ఒక సాయంత్రం అయిదింటికి రమ్మని కోరుతున్నాను, నోటుబుక్కు చూపిస్తాను. నిన్న ఆరు దాటాక తొమ్మిదో తరగతి అమ్మాయి సైకిలు మీద వచ్చింది. రాత్రిపూట చుక్కలు ఏవేవో గుర్తుపట్టడానికి తెలుగులో పుస్తకం ఉందా అక్కా అని అడిగింది. పిల్లల అర, సైన్సు అర రెండూ వెతికాను. లేదని చెప్పి, తేదీ వేసి రాసుకున్నాను. అది 413వది.

ఇట్లు
ఒక శాఖా గ్రంథాలయ లైబ్రేరియన్