చేపల తలుపు గంట

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్,
ఏప్రిల్, ఆదివారం సాయంత్రం.

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోనులో అమ్మ అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాలు పొయ్యి మీద పెట్టి వాట్సాప్ చూస్తే నా పేరు కింద ‘ఆన్‌లైన్’ అని కనిపించిందట. "అక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర కదా, ఆ వేళప్పుడు ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది. ఎవరితోనూ కాదన్నాను. నమ్మలేదు. పక్కన మీరు దగ్గారు, అంటే మీరూ నమ్మలేదన్నమాట. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోనులో చెబితే అమ్మ సగంలోనే "సరేలే, తిన్నావా" అంటుంది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి తమ్ముడికి ఒక చేప ఫొటో పంపాను. అంతకు ముందు గంటసేపు నీళ్లు చూస్తూ కూర్చున్నాను. కంప్యూటర్‌లోనే.

ఆఫీసు నుంచి వచ్చాక ఇంకా బుర్ర తిరుగుతూనే ఉంటుంది. అన్నం తిని పడుకుంటే నిద్ర రాదు, కూర్చుంటే ఏమీ తోచదు. మొదటి ఏడాది అందరిలాగే చిన్న చిన్న వీడియోలు చూసేదాన్ని. ఒకటి అయ్యేలోగా ఇంకొకటి. రెండు గంటలు గడిచాక ఏం చూశావని అడిగితే ఒక్కటీ గుర్తుండేది కాదు, మెడ నొప్పి మాత్రం గుర్తుండేది. తర్వాత ఆఫీసులో అందరూ ఆడే ఐదక్షరాల మాట పట్టుకునే ఆట మొదలుపెట్టాను. ఆట మంచిదే. కానీ పొద్దున్నే ‘నీకు ఎన్నో ప్రయత్నంలో వచ్చింది’ అని అడిగేవాళ్లు మొదలయ్యారు. లెక్క వచ్చిందంటే అది నాకు ఇంకో ఉద్యోగమే. మానేశాను.

నార్వే ప్రభుత్వ టీవీవాళ్లు 2009లో ఒక పని చేశారు. బెర్గెన్ నుంచి ఓస్లో వెళ్లే రైలు ముందు కెమెరా పెట్టి, ఏడు గంటలకు పైగా సాగే ఆ ప్రయాణమంతా ఎక్కడా కత్తిరించకుండా చూపించారు. పదిలక్షల మందికి పైగా చూశారట! సొరంగం వస్తే చీకటి, దాటితే మంచు. దాన్ని ఇప్పటికీ వెతుక్కుని చూడవచ్చు. కూరగాయలు తరుక్కునేటప్పుడు పెట్టుకుంటాను, చక్కగా ఉంటుంది. పల్లీలు అమ్మేవాడు రాడన్నదొక్కటే లోటు.

ఇంకొకటి రేడియో. ఆమ్‌స్టర్‌డామ్‌వాళ్లు 2016లో తయారు చేశారు, రేడియో గార్డెన్ అని పేరు. తెర మీద భూగోళం ఉంటుంది, దాని మీద ఆకుపచ్చ చుక్కలు. వేలితో తిప్పి ఏ చుక్క దగ్గర ఆపితే ఆ ఊరి రేడియో ఆ క్షణంలో ఏం మాట్లాడుతోందో అది వినిపిస్తుంది. ఐస్‌లాండ్‌లో ఎవరో వాతావరణం చెబుతున్నారనుకుంటాను, ఫిజీలో ఎవరో నవ్వుతుంటారు. భాష తెలియదు కాబట్టి హాయిగా ఉంటుంది. ఒకసారి హైదరాబాద్ చుక్క మీద ఆపాను. ఎవరో ఇల్లాలు ఫోన్ చేసి పాట అడుగుతోంది, వెనక కుక్కర్ కూత. రెండు నిమిషాలు విని కట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి తెలుగు చుక్కల వైపు వెళ్లడం లేదు. విశ్రాంతికి కూర్చుని బెంగ తెచ్చుకోవడం దేనికి?

ఇక అసలు సంగతి. ఇది మీకు నచ్చుతుంది. ఇక్కడ మీరు డ్యూటీ చేసిన మన లాకుల్లాంటి లాకులు ఉన్నాయి, కాలువకు అడ్డంగా అవే తలుపులు.

పాత ఊరికి ఉత్తరపు కొసన, ఊళ్లోని కాలువ వేఖ్ట్ అనే నదిలో కలిసే దగ్గర. వేర్డ్‌స్లాయిస్ అంటారు. స్లాయిస్ అంటే లాకులే. మా ఇంటి నుంచి సైకిలు మీద పది నిమిషాలు. వసంతకాలంలో చేపలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువగా ఉండే, త్వరగా వెచ్చబడే నీళ్లు వెతుక్కుంటూ ఈ ఊరి మధ్యగా పైకి పోవాలి. కానీ ఆ రోజుల్లో పడవలు పెద్దగా తిరగవు, కాబట్టి తలుపులు మూసే ఉంటాయి. పాపం అవి తలుపు ముందు గుంపుగా ఆగిపోతాయి. ఆగినవాటిని నీటికాకులు తీరిగ్గా ఏరుకుని తింటాయి.

దానికి వీళ్లు 2021లో ఒక ఉపాయం చేశారు. తలుపు దగ్గర నీళ్లలో కెమెరా పెట్టి, అది చూపించేది అందరూ చూసేలా వెబ్‌సైటులో పెట్టారు. కింద ఒక మీట. చేప కనబడితే నొక్కాలి. నొక్కితే ఫొటో అవతలికి చేరుతుంది. తగినన్ని చేపలు పోగయ్యాయని తేలితే లాకుల కాపలాదారు తలుపు తెరుస్తాడు. దాని పేరు విస్‌డ్యూర్‌బెల్. విస్ అంటే చేప, డ్యూర్ అంటే తలుపు, బెల్ అంటే గంట. చేపలకు చేతులు లేవు కాబట్టి వాటి తరఫున మనం గంట కొట్టాలి. ఎక్కడెక్కడి దేశాల నుంచో లక్షలాది మంది చూస్తున్నారు.

చాలాసేపు ఏమీ ఉండదు నాన్నగారూ. పచ్చటి నీళ్లు, అందులో తేలే నలుసులు. పావుగంట, అరగంట అలాగే. ఉన్నట్టుండి ఎడమ పక్క నుంచి ఒక మూతి వస్తుంది. ఒంటి మీద నల్లటి చారలు, ఎర్రటి రెక్కలు, అది బార్స్. స్నూక్ అని ఇంకొకటి ఉంది, మన కొర్రమీనుకు మూతి పట్టుకుని సాగదీసినట్టు ఉంటుంది, కదలకుండా దొంగలా నిలబడుతుంది. బ్రాసెమ్ వెడల్పుగా పళ్లెంలా ఉంటుంది. మన బొచ్చెకు దూరపు చుట్టమే. ఒకసారి మలుగుపాము కూడా వచ్చింది, తమ్ముడికి పంపింది దాని ఫొటోనే. తెర ఫొటో తీసేలోగా తోక మాత్రం మిగిలింది. వాడు ‘ఇది తాడు’ అని జవాబిచ్చాడు.

మొదటి వారంలో నేను ఒక ఆకును చూసి గంట కొట్టాను. ఎవరూ తిట్టలేదు గానీ, నాకే సిగ్గేసింది. మీరు అర్ధరాత్రి వరద కబురు వస్తే ముందు నీటిమట్టం గేజీ చూసి గాని తలుపు మీద చెయ్యి వేసేవారు కాదు. మీ కూతురు ఎండుటాకుకు లాకులు తెరవమంటోంది!

లొల్ల లాకుల దగ్గర మీ డ్యూటీ అయ్యేదాకా గట్టు మీద కూర్చోబెట్టేవారు, గుర్తుందా? నీళ్లలో ఏం చూడాలో చెప్పేవారు కాదు. నేను అడిగితే "చూస్తూ ఉండు" అనేవారు. అప్పుడు విసుగనిపించేది. ఎండాకాలం కాలువలు కట్టేశాక అడుగున బురదలో గుంటలు మిగిలితే, పిల్లలు అందులో చేపలు పడుతుంటే నాకు దిగనిచ్చేవారు కాదు, ఆ కోపం ఇంకా ఉంది, రాసి పెడుతున్నాను. పులస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చి, కాటన్ దొర 1852లో ముగించిన ఆనకట్ట స్థానంలో కట్టిన ధవళేశ్వరం బ్యారేజీ కింద ఆగిపోతుందని మీరే చెప్పారు. అక్కడ ఆగినదాన్ని మనం వలేసి పడతాం, పుస్తెలమ్మి అయినా తింటాం. ఇక్కడ గంట కొట్టి దారి ఇస్తున్నారు. వీళ్లేదో గొప్పవాళ్లని కాదు. ఈ చేపల్లో పులస రుచి ఉండి ఉంటే ఏం చేసేవారో నాకు అనుమానమే.

పోయిన శనివారం సైకిలు వేసుకుని అక్కడికి వెళ్లాను. పైనుంచి చూస్తే మట్టి రంగు నీళ్లు తప్ప ఏమీ లేదు. ఫోను తీసి చూస్తే నా కాళ్ల కిందే మూడు చేపలు. వంతెన మీద నిలబడి, కిందికి చూడకుండా ఫోనులో చూసి గంట కొట్టాను. పక్కన ఒక ముసలాయన నవ్వి, "నేనూ ఇప్పుడే కొట్టాను" అన్నాడు. కాసేపటికి తలుపు కదిలింది. మా గంటకో, పడవ వచ్చినందుకో తెలియదు. తలుపు తెరుచుకునేటప్పుడు వచ్చే ఆ మూలుగు అచ్చం మన లాకులదే. మీరుంటే గ్రీజు పెట్టమని చెప్పేవారు.

ఇది మే నెలాఖరుకు అయిపోతుంది. మన కాలువలకు నీళ్లు వదిలే వేళకు వీళ్లది మూతపడుతుంది. కాబట్టి ఈ లోగానే చూడండి. తమ్ముడిని అడిగితే మీ ఫోనులో పెట్టిస్తాడు. మీకు పొద్దున తొమ్మిది అయ్యేసరికి ఇక్కడ ఐదున్నర, అప్పుడప్పుడే వెలుగు వస్తుంటుంది, చేపలు బాగా తిరిగే వేళ. పేపరు చదివాక ఒక అరగంట కూర్చోండి. చేప అయితేనే నొక్కండి. నేను కూడా అప్పుడప్పుడు ఆ వేళకు లేస్తున్నాను. నాలుగు చేపలు కలిసి వెళ్తుంటే మీరు నొక్కారో నేను నొక్కానో తర్వాత తేల్చుకుందాం.

మోకాళ్ల నొప్పికి ఆ నూనె రాస్తున్నారా? కళ్లజోడు మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినరు, ఇప్పుడు చేపల కోసమైనా మార్చుకోండి.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి.

అమ్మకు: లేదమ్మా, వాటిని ఎవరూ వండుకోరు. నేను అడగలేదు కూడా. పన్నెండున్నరకు ఆన్‌లైన్‌లో ఉన్నందుకు తిట్టు, పర్వాలేదు. తమ్ముడిని కూడా తిట్టు, వాడు ఆ సమయానికి ఎందుకు మెలకువగా ఉన్నాడో అడుగు.