థాయ్‌లాండ్ వార్తల్లో ఆ మనిషి ఏం చేశాడో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ విదేశీ వార్తల పేజీలో ఒక మూలన నాలుగు లైన్ల వార్త చూశాను. థాయ్‌లాండ్‌లో రాజును అవమానించినందుకు ఒకతనికి జైలు శిక్ష పడిందని రాశారు. అంతే. ఏమన్నాడు, ఎక్కడన్నాడు, ఫిర్యాదు ఎవరిచ్చారు, ఒక్క ముక్క లేదు. చదివినవాళ్లు ఏమనుకుంటారు? ఎవడో నోటికొచ్చినట్టు తిట్టి ఉంటాడు, అనుభవిస్తున్నాడు అనుకుంటారు. మా ఇంట్లో కూడా సరిగ్గా అదే మాట అన్నారు. నేను 2010 నుంచి 2021 దాకా బ్యాంకాక్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పాను. అలాంటి నాలుగు లైన్ల వెనక ఏముంటుందో కొంత దగ్గర నుంచి చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడి శిక్షాస్మృతిలో 112వ సెక్షన్ అది. రాజును, రాణిని, యువరాజును, రాజప్రతినిధిని దూషించినా, అవమానించినా, బెదిరించినా మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. మొదట్లో ఏడేళ్లకు మించకుండా ఉండేది. 1976 అక్టోబరు 6న తమ్మసాత్ యూనివర్సిటీలో విద్యార్థులను ఊచకోత కోశారు. ఆ వెంటనే అధికారం చేజిక్కించుకున్నవాళ్లు శిక్షను ఇలా పెంచారు. చట్టం మాటలు చదివితే తిట్టినవాళ్ల కోసమే అనిపిస్తుంది. కేసులు చూస్తేనే సంగతి తెలుస్తుంది.

2016లో ఒక విద్యార్థి నాయకుడి తల్లి మీద కేసు పెట్టారు. ఇళ్లల్లో పని చేసుకుని బతికే మనిషి. ఫేస్‌బుక్‌లో ఎవరో ఆమెకు రాజకుటుంబం గురించి ఏదో రాసి పంపారు. ఆమె ‘చా’ అని జవాబిచ్చింది. ఫోన్లో అవతలివాళ్లు చెబుతుంటే మనం ‘ఊఁ’ అంటుంటామే, దాదాపు అలాంటి మాట అది. అవునని కాదు, కాదని కాదు, వింటున్నానని. ఆ ఊఁ కొట్టినందుకు సైనిక కోర్టులో 112 కేసు. పంపినవాణ్ని మందలించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని లెక్క. నాలుగేళ్ల పైన తిరిగాక 2020 డిసెంబరులో నిర్దోషి అన్నారు. ఆమెను అరెస్టు చేసిన వారం మా స్టాఫ్ రూములో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. కానీ మా లైన్ గ్రూపులో, థాయ్‌లాండ్‌లో వాట్సాప్ బదులు అందరూ లైన్ యాపే వాడతారు, ఊఁ కొట్టడాలు, నవ్వు బొమ్మలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. స్కూలు సెలవుల గురించి మెసేజ్ వచ్చినా కొందరు జవాబివ్వడం మానేశారు.

అంతకు ముందు 2011లో ‘ఆకొంగ్’ కేసు. ఆకొంగ్ అంటే చైనా మూలాలున్న ఇళ్లల్లో తాతయ్య. మనవరాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండే అరవై దాటిన మనిషి. ప్రధాని సెక్రటరీ ఫోనుకు నాలుగు ఎస్సెమ్మెస్‌లు పంపాడని ఇరవై ఏళ్లు వేశారు, ఒక్కోదానికి ఐదేళ్ల చొప్పున. నాకు ఎస్సెమ్మెస్ పంపడమే రాదని ఆయన చివరిదాకా చెప్పాడు. 2012 మేలో జైల్లోనే కేన్సర్‌తో పోయాడు. ఆ నాలుగు మెసేజ్‌ల్లో ఏముందో థాయ్ పత్రికలు వేయడానికి భయపడ్డాయి. వేస్తే దాని మీదా అదే కేసు.

ఇక్కడే అసలు కష్టమంతా. ఒక మనిషిని ఏ మాటకు జైలుకు పంపారో ఆ మాట తిరిగి అనడానికి లేదు. అది అవమానమా, ఉత్త ప్రశ్నా, పచ్చి నిజమా అని పాఠకుడు తూచుకోవడానికి లేదు. కోర్టులోనూ అంతే. మామూలు పరువు నష్టం కేసులో, నేనన్నది నిజమే, జనం మేలు కోరే అన్నాను అని వాదించుకోవచ్చు. 112లో ఆ దారి మూసేశారు.

నేను లెక్కల మనిషిని కాబట్టి ఒక లెక్క చెబుతాను. రెవెన్యూ శాఖలో పనిచేసిన ఒకావిడ రాచరికాన్ని విమర్శించే ఆడియో క్లిప్పులు ఇంటర్నెట్‌లో షేర్ చేసింది. 29 సార్లని తేల్చారు. ఒక్కోదానికి మూడేళ్లు, 29 మూళ్లు 87. నేరం ఒప్పుకుంది కాబట్టి అందులో సగం, 43న్నర ఏళ్లు. 2021 జనవరిలో ఆ తీర్పు వచ్చేనాటికి ఆమెకు అరవై దాటాయి. ఒప్పుకుంటే సగం అన్న ఆ ఆశ ఉందే, అది వాదించేవాళ్ల నోరు కట్టేస్తుంది. నా తప్పు లేదు అంటే 87, ఉంది అంటే 43న్నర. ఎవరు వాదిస్తారు? 2025 ఆగస్టులో రాజ క్షమాభిక్షతో ఆమె బయటికొచ్చింది. అదైనా వచ్చినందుకు ఆ రోజు నేను నిజంగా సంతోషపడ్డాను.

ఫిర్యాదు రాజప్రాసాదం నుంచి రావాలని లేదు. దారిన పోయే ఎవరైనా ఇవ్వచ్చు, ఏ ఊరి స్టేషన్లోనైనా ఇవ్వచ్చు. దక్షిణాన మలేసియా సరిహద్దులో సుంగై కొలొక్ అని ఒక ఊరుంది. బ్యాంకాక్‌లో ఎవరో ఫేస్‌బుక్‌లో రాసినదానికి అక్కడి స్టేషన్లో కేసులు పెట్టారు. రాసినవాళ్లు వెయ్యి కిలోమీటర్ల పైన రైల్లోనో బస్సులోనో పోవాలి, వాయిదాకి మళ్లీ పోవాలి. శిక్ష పడినా పడకపోయినా ఉద్యోగం పోతుంది, చేతిలో డబ్బు అయిపోతుంది. రాజు మీద భక్తితో ఫిర్యాదు చేసేవాళ్లు లేరని అనను. కానీ ఎదుటి పార్టీవాడి మీద కక్ష తీర్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పోలీసు కూడా ఫిర్యాదు వద్దనలేడు, వద్దంటే అతని భక్తి మీదే అనుమానం.

మా స్కూల్లో చరిత్ర చెప్పే టీచరు ఒకావిడ ఉండేది. నాకంటే పెద్దది, ‘ఫీ’ అని పిలిచేదాన్ని, అంటే అక్కా అని. రాజభక్తి ఆమెకు నరనరానా ఉంది. 2016 అక్టోబరులో భూమిబల్ రాజు పోయినప్పుడు నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. బజార్లో నల్ల బట్టలు దొరక్కపోతే, వాలంటీర్లు ఉచితంగా రంగు వేస్తున్నారంటే, ఇద్దరం రోడ్డు పక్కన లైన్లో నిలబడి ఉన్న బట్టలకే నల్లరంగు వేయించుకున్నాం. ఆ ఏడుపు ఎవరో భయపెడితే వచ్చింది కాదు. అలాంటి అక్క ఏటా పిల్లలకు నరేసువన్ రాజు పాఠం చెప్పేది. 1593లో ఆయన ఏనుగు మీద నుంచే బర్మా యువరాజును నరికి చంపాడని అక్కడ ప్రతి పిల్లవాడికీ తెలుసు. అక్క చివర్లో, బర్మావాళ్ల చరిత్రలో మాత్రం తుపాకి గుండు తగిలి చనిపోయాడని ఉంది, ఏది నిజమై ఉంటుందో మీరే ఆలోచించండి అనేది. పిల్లలు రెండు జట్లుగా విడిపోయి గొడవపడేవాళ్లు, పక్క క్లాసులో ఉన్న నాకు వినపడేది.

సులక్ శివరక్ష అనే పెద్దాయన ఒక సభలో ఆ ఏనుగుల పోరు నిజంగా జరిగిందా అని అడిగాడని ఆయన మీద 112 పెట్టారు. నాలుగు వందల ఏళ్ల కింద పోయిన రాజు గురించి! ఆయనకు అప్పటికే ఎనభై దాటాయి. 2018 జనవరిలో ఆ కేసు వదిలేశారు. కానీ అక్క బర్మావాళ్ల మాట చెప్పడం ఆ కేసు నడుస్తున్నప్పుడే మానేసింది, కేసు పోయాక కూడా మళ్లీ మొదలుపెట్టలేదు. ఒకసారి అడిగాను. పుస్తకంలో ఉన్నది చాలులే అంది. ఆ తర్వాత ఆ పీరియడ్‌లో పక్క గది నుంచి చప్పుడు వినలేదు.

నా సంగతీ చెప్పాలి. 2020 ఆగస్టు 10 రాత్రి తమ్మసాత్ రంగ్‌సిత్ క్యాంపస్‌లో పనుసయ అనే విద్యార్థిని వేదిక మీద రాచరికాన్ని సంస్కరించాలని పది డిమాండ్లు చదివింది. 112 రద్దు అందులో ఒకటి, రాజకుటుంబానికి ఇచ్చే బడ్జెట్ తగ్గించడం ఇంకొకటి. ఆ నెలలోనే స్కూలు పిల్లలు నిరసనగా తెల్ల రిబ్బన్లు కట్టుకుని రావడం, జెండా పాట అప్పుడు మూడు వేళ్లు ఎత్తడం మొదలైంది. మా పన్నెండో తరగతిలో ఒకమ్మాయి బ్యాగు జిప్పుకి కట్టుకుంది, వేలెడంత రిబ్బను. క్లాసు అయ్యాక నోట్‌బుక్ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. దేశం మొత్తం బడ్జెట్ ఒక లైనులో, రాజకార్యాలయానికి ఇచ్చింది కింద లైనులో రాసుకుంది. “ఖ్రూ, సున్నాలు ఎక్కువైపోయాయి, ఇది ఎంత శాతమో సరిచూస్తారా?” అంది. ఖ్రూ అంటే గురువు.

అర నిమిషం పని. నేను తలుపు వైపు చూశాను. ఇది సిలబస్‌లో లేదమ్మా అని నోట్‌బుక్ మూసి ఇచ్చేశాను. ఆ అమ్మాయి తప్పేమీ అడగలేదు, ప్రభుత్వం అచ్చేసిన అంకెలే అవి. నేను ఎప్పుడూ ఎవరికీ శాతం లెక్క చెప్పనన్నది లేదు. వీసా గుర్తొచ్చింది, టెన్షన్ వచ్చింది, మూసేశాను. మర్నాడు బ్యాగుకి రిబ్బను లేదు. ఆఫీసుకి పిలిచి తీయించారని తర్వాత తెలిసింది. జైలుకెళ్లినవాళ్ల లెక్క దొరుకుతుంది, 2020 తర్వాత 270 మంది పైనే ఈ కేసులు ఎదుర్కొన్నారని అక్కడి మానవ హక్కుల లాయర్లు చెబుతున్నారు. మూసేసిన నోట్‌బుక్కుల లెక్క ఎక్కడా దొరకదు. నాది ఒకటి ఉంది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చట్టం నచ్చకపోతే పార్లమెంటులో మార్చుకోవచ్చు కదా అని అడగచ్చు. 2023 మేలో జరిగిన ఎన్నికల్లో మూవ్ ఫార్వర్డ్ పార్టీ అదే మాట చెప్పి ఓట్లడిగింది. రద్దు చేస్తామని కూడా అనలేదు, సవరిస్తామంది. శిక్ష తగ్గించాలి, ఎవరు పడితే వాళ్లు ఫిర్యాదు చేయకుండా చూడాలి. కోటీ నలభై లక్షల పైన ఓట్లు, 500 సీట్లలో 151, మొదటి స్థానం. సైన్యం నియమించిన సెనేట్ వాళ్ల నాయకుణ్ని ప్రధాని కానివ్వలేదు. 2024 జనవరి 31న రాజ్యాంగ కోర్టు, 112ను సవరిస్తామని ప్రచారం చేయడమే రాజు అధినేతగా ఉన్న వ్యవస్థను కూలదోసే ప్రయత్నమంది. ఆగస్టు 7న పార్టీనే రద్దు చేసి, 11 మంది నాయకులను పదేళ్లు రాజకీయాలకు దూరం పెట్టింది. అంటే ఈ చట్టం బాగుందా లేదా అని సభలో మాట్లాడటానికి ముందు ఈ చట్టం గురించి మాట్లాడే హక్కు తెచ్చుకోవాలి, ఆ హక్కు అడగడమే నేరం. ఆ తర్వాత ప్రచారాల్లో పార్టీలు ధరలు, అప్పులు, కంబోడియా సరిహద్దు, అన్నీ మాట్లాడుతున్నాయి. 112 దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతోంది.

రాజు మీద గౌరవం ఉన్నవాళ్లకు ఒక్క మాట గుర్తుచేయాలి. అక్క కన్నీళ్లు పెట్టుకున్న ఆ భూమిబల్ రాజే 2005లో తన పుట్టినరోజు ప్రసంగంలో, తననూ విమర్శించవచ్చని, రాజు తప్పు చేయడనడం సరికాదని చెప్పారు. ఏడాది తిరక్కుండానే సైనిక కుట్ర వచ్చింది, ఆ తర్వాత కేసులు బాగా పెరిగాయి.

నేను మిమ్మల్ని కోరేది చిన్నదే. ఈసారి ఇలాంటి వార్త వస్తే ‘రాజును అవమానించినందుకు’ అని ఊరుకోకండి. ఏం చేశాడో ఇంకో రెండు లైన్లు వేయండి. పసుపు బాతు బొమ్మల క్యాలెండర్ అమ్మినందుకు 2023లో ఒకతనికి రెండేళ్లు పడ్డాయి. ఆ బాతు రాజును ఎగతాళి చేస్తోందన్నారు. బాతు క్యాలెండర్ అని రాస్తే పాఠకుడికి అర్థమవుతుంది, అవమానం అని రాస్తే అర్థం కాదు. లాయర్ అనోన్ నంపాకు 2023 సెప్టెంబరులో మొదట నాలుగేళ్లు పడ్డాయి, తర్వాత ఒక్కో ప్రసంగానికీ ఒక్కో పోస్టుకూ కలుపుకుంటూ ఇరవై ఏళ్లు దాటాయి. ఆయన ఆ ప్రసంగాల్లో రాచరికాన్ని తీసేయమనలేదు, రాజ్యాంగానికి లోబడి ఉండాలన్నాడు. ఆ మాట బ్యాంకాక్ పత్రిక వేయడానికి వంకరదారులు వెతుక్కోవాలి. మీకు ఆ ఇబ్బంది లేదు.

ఉత్తరం వేస్తే నా పేరు, ఊరు వేయవద్దని మనవి. అక్క ఇంకా అక్కడే పనిచేస్తోంది, నా ఫోన్లో ఆమె నంబరు ఉంది, వచ్చే ఏడాది ఆమె రిటైర్మెంటుకి వెళ్లాలనుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు