పేరు వద్దన్న వ్యాపారి గారికి కృతజ్ఞతలు

గ్రంథాలయ నిధికి పెద్ద మొత్తం ఇచ్చి, పేరు వేయొద్దన్న వ్యాపారి గారూ, నమస్కారాలు. ఆ డబ్బుకన్నా మీరు నేర్పిన లెక్కే ఎక్కువ పనికొచ్చింది. చందా సొమ్ము దుకాణం గల్లాపెట్టెలో కలిస్తే నెలాఖరుకి ఏది ఎవరిదో తేలదు. అందుకే వేరే పెట్టె, వేరే చిట్టా. ప్రతి రసీదుకూ వరుస నంబరు, కార్బన్ నకలు. పాడైన రసీదును చించెయ్యకుండా అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి, లేకపోతే ఆ నంబరు డబ్బు ఏమైందన్న అనుమానం మిగులుతుంది. రోజూ చేతిలో నగదు లెక్కపెట్టాకే చిట్టా మూయాలి. అసలును డిపాజిట్‌లో ఉంచి వడ్డీతోనే పుస్తకాలు కొనాలన్న మీ షరతు కాస్త కఠినమే (వడ్డీ రేటు తగ్గిన ఏడాది కొనుగోళ్లూ తగ్గుతాయి), కానీ నిధి కరగదు. ఖర్చుకు రాసే ఓచర్ల (చెల్లింపు కాగితాల) మీద ఇద్దరి సంతకాలు తప్పకుండా పడుతున్నాయండీ.