డిప్యూటీ స్పీకర్ ఎన్నికకు గడువు పెట్టండి

సంపాదకులకు,

నేను ద్వారకానగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు పాలిటీ చెబుతాను. పాడేరు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్‌లో ఉంటూ చదువుకుంటున్న ఒకమ్మాయి మొన్న 93వ అధికరణం దగ్గర నన్ను ఆపింది. "మేడమ్, డిప్యూటీ స్పీకర్‌ని ఎన్నుకోవాలని రాజ్యాంగంలోనే ఉంది కదా, ఎన్నుకోకపోతే ఏమవుతుంది?" అని అడిగింది. ఏమీ అవదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. రాజ్యాంగం పాఠం చెబుతూ ఆ మాట అనడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

లోక్‌సభ తన స్పీకర్‌నీ డిప్యూటీ స్పీకర్‌నీ వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని ఆ అధికరణం ఒకే వాక్యంలో చెబుతుంది. స్పీకర్ ఎన్నిక కొత్త సభ కొలువుదీరిన మొదటి వారంలోనే అయిపోతుంది. డిప్యూటీ స్పీకర్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 2019 నుంచి 2024 వరకు నడిచిన 17వ లోక్‌సభ అసలు డిప్యూటీ స్పీకరే లేకుండా ముగిసింది. 1952 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2024 జూన్‌లో ఏర్పడిన 18వ సభలోనూ ఏడాది దాటినా ఎన్నిక జరగలేదు. మన అసెంబ్లీకి ఇదే నియమం 178వ అధికరణంలో ఉంది. 2024 జూన్‌లోనే కొలువుదీరిన ఆ సభ నవంబరులో డిప్యూటీ స్పీకర్‌ని ఎన్నుకుంది. అమరావతిలో కుదిరింది ఢిల్లీలో ఎందుకు కుదరదు?

సభ నడుస్తూనే ఉంది కదా, స్పీకర్ లేనప్పుడు సభను నడిపే ప్యానెల్ సభ్యులు ఉన్నారు కదా అనేవాళ్లున్నారు. ప్యానెల్‌లో ఉండే పది మంది దాకా సభ్యులను స్పీకరే నామినేట్ చేస్తారు. డిప్యూటీ స్పీకర్‌ని సభ ఎన్నుకుంటుంది, ఆయన జవాబుదారీ సభకే. స్పీకర్ రాజీనామా చేస్తే ఆ లేఖ ఇవ్వాల్సింది డిప్యూటీ స్పీకర్‌కే. స్పీకర్‌ని తొలగించే తీర్మానం చర్చకు వస్తే స్పీకర్ అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదు. అప్పుడు కూర్చోవాల్సింది కూడా డిప్యూటీ స్పీకరే.

ఈ పదవి ఎంత అవసరమో తెలుగువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు చనిపోయారు. ఆయన మన ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మనిషి. ఆ వార్త విన్న రోజు ఇక్కడ ఎంతోమంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అది బడ్జెట్ సమావేశాల కాలం. అయినా సభ ఆగలేదు. వాజ్‌పేయి ప్రభుత్వం ఉన్నా, కాంగ్రెస్ ఎంపీ పి.ఎం. సయీద్ డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నారు కాబట్టి మే నెలలో మనోహర్ జోషి ఎన్నికయ్యేదాకా ఆయనే సభను నడిపారు. అంతకుముందు 1956లో అప్పటి స్పీకర్ మవలంకర్ చనిపోయినప్పుడు డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నది తిరుపతి ప్రాంతానికి చెందిన అనంతశయనం అయ్యంగార్. తర్వాత స్పీకర్ అయిందీ ఆయనే. ఇప్పుడు అలాంటి ఆపద వస్తే రాష్ట్రపతి ఎవరో ఒక సభ్యుడిని నియమించాల్సి వస్తుంది. సభ తాను చేయాల్సిన పనిని అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు?

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయంపై నోటీసు కూడా ఇచ్చింది. అసలు కోర్టు గడప తొక్కాల్సిన సంగతి కాదిది. దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. లోక్‌సభ నియమావళిలోని 8వ నియమం ఎన్నిక తేదీ నిర్ణయించే పని స్పీకర్‌కి వదిలేసింది, గడువు పెట్టలేదు. సభ ఏర్పడిన 60 రోజుల్లోపు, మధ్యలో ఖాళీ అయితే 30 రోజుల్లోపు ఎన్నిక జరగాలని అక్కడ ఒక్క వాక్యం చేరిస్తే చాలు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా నేను ఇదే అడుగుతాను.

విశాఖ ఎంపీ గారు ఈ సవరణను ప్రతిపాదించాలని, ఉత్తరాంధ్రలోని మిగతా ఎంపీలు పార్టీలకు అతీతంగా మద్దతివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాలిటీ అధ్యాపకురాలు, విశాఖపట్నం