రిపీటరు గది వేడి తగ్గించే పనులు: జమా ఖర్చుల వివరణ

తిరుపతి హామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులందరికీ కమిటీ తరఫున నమస్కారాలు. మన రిపీటరు (చేతి సెట్ల మాటను అందుకుని ఎక్కువ దూరం వినిపించేలా మళ్లీ పంపే రేడియో సెట్టు) గది కోసం చందా అడిగినప్పుడు కొందరు "నాలుగు ఫ్యాన్లకు ఇంత డబ్బెందుకండీ" అన్నారు, మరికొందరు "ఏకంగా ఏసీ పెట్టించేయండి" అన్నారు. అందుకే ఈసారి అంకెలతో పాటు ఎందుకు ఖర్చయిందో కూడా రాస్తున్నాం.

జమ: పాత నిల్వ రూ. 3,240. 23 మంది సభ్యులు తలా 500 చొప్పున 11,500. ఇద్దరు తలా 2,000 ఇచ్చారు, అది 4,000. పేరు రాయవద్దన్న ఒక పెద్దాయన 5,000. మొత్తం రూ. 23,740.

మన రిపీటరు 40 వాట్లు గాలిలోకి పంపాలంటే 13.8 వోల్టుల దగ్గర సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. అంటే 138 వాట్లు. అందులో 40 పోగా మిగిలిన వంద దాకా వాట్లూ వేడే. చేతి సెట్టయితే మాట్లాడి వదిలేస్తాం. రిపీటరు అలా కాదు, ఎవరు మాట్లాడినా అది కూడా మాట్లాడాల్సిందే. నెట్ (హామ్‌లంతా ఒకే సమయానికి రేడియోలో కలిసి మాట్లాడుకునే కార్యక్రమం) నడిచినంత సేపూ దానికి ఊపిరి తిరగదు. పైన రేకుల కప్పు, అందులోనూ రోహిణీ కార్తె. మిట్టమధ్యాహ్నం బయట నీడలో 41 డిగ్రీలుంటే గది లోపల థర్మామీటరు 51 చూపించింది.

ఏసీ ఎందుకు వద్దనుకున్నామంటే, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. రిపీటరుతో అసలు పనిబడేది అప్పుడే కదా. పైగా నెలనెలా బిల్లు ఎవరు కట్టాలి?

రేకులకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, కూలీతో కలిపి 3,850 అయింది. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. "సున్నానికి డబ్బు తగలేశారు" అన్నవాళ్లు ఒకసారి మధ్యాహ్నం మేడెక్కి చూడండి. ఉత్తరం గోడకు కింద ఒకటి, ఎదురు గోడకు పైన ఒకటి కన్నాలు కొట్టించి దోమజాలీ బిగించాం, 1,900. మేస్త్రీ బిల్లు ఇవ్వడు కాబట్టి సంతకం చేసిన వోచరుంది. 12 వోల్టుల ఫ్యాన్లు నాలుగు, 1,800. పాత ఫ్యాను విప్పితే రెక్కల మీద దుమ్ము, పావురం ఈకలు కలిసి అట్టకట్టి ఉన్నాయి. తిరిగేది కానీ గాలి మాత్రం కదిలేది కాదు. కొత్తవాటిలో ఒకటి తొందరగానే మొరాయించింది. గ్యారంటీ ఉందని చెప్పి అమ్మిన దుకాణం వాళ్లు ఇప్పుడు మాట మార్చారు. మిగిలిన మూడింటితో పని నడుస్తోంది.

పాత సామాన్ల కొట్లో అల్యూమినియం హీట్‌సింక్ (సెట్టు వేడిని లాగి గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ) 700కు దొరికింది. రెక్కలు నిలువుగా ఉండేలా బిగించాం, వేడిగాలి తనంతట తనే పైకి పోతుంది. 45 డిగ్రీలకు ఫ్యాన్లను ఆన్ చేసే థర్మోస్టాట్లు, వైరు, ఫ్యూజులు, థర్మల్ పేస్టు కలిపి 870. ఆటోలకు 360. టీలు, దోసెలు ఎవరి జేబు వాళ్లదే.

పెద్ద ఖర్చు బ్యాటరీ. పాతదాన్ని సెట్టుకు సరిగ్గా పైనున్న అరలో పెట్టి ఉంచారు, పొట్ట ఉబ్బిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కొత్తది 7,600, పాతదానికి 1,100 తగ్గించారు, మనం కట్టింది 6,500. ఇప్పుడది కింద నేల మీద, గాలి వచ్చే జాలీ పక్కన ఉంది. ఛార్జరు ఫ్లోట్ వోల్టేజీ (నిండిన బ్యాటరీని నిండుగానే ఉంచే వోల్టేజీ) కూడా డిగ్రీకి 18 మిల్లీవోల్టుల లెక్కన తగ్గించాం.

పైసా ఖర్చు లేని పనులు రెండు. పవరు 40 నుంచి 20 వాట్లకు దించాం. తగ్గేది 3 డెసిబెల్, ఎస్ మీటరు (సిగ్నల్ బలం చూపే ముల్లు) మీద అర పాయింటు. చేతి సెట్టుతో దూరం నుంచి వినేవాళ్లకు ఒకటి రెండు చోట్ల గరగర పెరిగిందన్నది నిజమే, వానలు పడ్డాక మళ్లీ పెంచుతాం. రెండోది, టైమవుట్ (ఎవరైనా ఆపకుండా మాట్లాడితే రిపీటరు తనంతట తనే ఆగిపోయే గడువు) 3 నిమిషాలు చేశాం. కాస్త గ్యాప్ ఇచ్చి మాట్లాడండి సామీ.

మొత్తం ఖర్చు రూ. 15,980. నిల్వ రూ. 7,760. పనులయ్యాక బయట మళ్లీ 41 ఉన్న రోజున లోపల 44 చూపించింది. ఎండకు డూప్లెక్సరు (ఒకే యాంటెన్నాతో వినడం, పంపడం రెండూ జరిగేలా చూసే ఫిల్టరు) ట్యూనింగ్ కాస్త పక్కకు జరిగినట్టుంది, నిల్వలోంచి ముందు ఆ పని చేయిస్తాం. బిల్లులు, వోచర్లు కోశాధికారి దగ్గరున్నాయి, సభ్యులెవరైనా అడిగి చూసుకోవచ్చు.